వాన మా వీధికి ఎందుకు రాలేదు?

ప్రశ్న: మేం ఈ నగరానికి వచ్చి ఎనిమిది నెలలైంది. నాలుగంతస్తుల భవనంలో పై వాటా మాది. మామయ్యగారు మాతోనే ఉంటారు. ఆయనకు సాయంత్రం నడక తప్పకూడదు. ఫోన్‌లో వాన గుర్తు కనబడిన ప్రతిసారీ 'ఇవాళ వద్దు మామయ్యగారూ' అంటాను. ఆయన మేడ మీదికెళ్లి నాలుగు దిక్కులా చూసి, 'రాదులేమ్మా' అని చెప్పులు వేసుకుంటారు. నిజంగానే రాదు. మావారు నన్ను చూసి నవ్వుతారు. మొన్న ఫోన్‌లో 30 శాతమే చూపించిందని నేనేమీ అనలేదు. మామయ్యగారేమో తడిసి ముద్దై, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి ఇంటికి చేరారు. ఆ సమయానికి మా వీధిలో ఒక్క చుక్క లేదు! ఎండ సంగతీ అంతే. వార్తల్లో 38 డిగ్రీలంటారు, మా పడగ్గది రాత్రి పదింటికి కూడా కొలిమిలా ఉంటుంది. ఇవి చాలవన్నట్టు అపార్ట్‌మెంట్ గ్రూపులో 'ఆ రోడ్డు మునిగింది, ఈ వంతెన మూసేశారు' అని రోజూ వీడియోలు. పొద్దున్నే ఫోన్ చూస్తే టెన్షన్, చూడకపోతే ఇంకా టెన్షన్. అసలు ఎవర్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మామయ్యగారి సంగతి. ఇన్నేళ్లుగా చూస్తున్న ఆకాశం కాబట్టి ఆయనకు అంతో ఇంతో చదవడం వచ్చే ఉంటుంది. కాకపోతే ఇందులో ఒక చిన్న కిటుకుంది. చాలా ఊళ్లలో ఏడాది మొత్తం మీద వాన పడే సాయంత్రాల కంటే పడనివే ఎక్కువ. కళ్లు మూసుకుని రోజూ 'రాదు' అనేవాడు కూడా ఎక్కువ రోజులు నెగ్గుతాడు. ఓడిన ఆ కొద్ది రోజులే మోకాళ్ల లోతు నీళ్లు. (ఈ పేరా ఆయనకు చదివి వినిపించకండి.)

మీ ఫోన్ కూడా మీరనుకున్నంతగా తప్పలేదు. 30 శాతం అన్న మాటను మనలో చాలామంది మూడు రకాలుగా పొరబడతాం. రోజులో 30 శాతం సేపు కురుస్తుందని కొందరు, ఊళ్లో 30 శాతం మేర కురుస్తుందని కొందరు, కురిస్తే సన్నగా కురుస్తుందని ఇంకొందరు. మూడూ కాదు. 'ఇలాంటి పరిస్థితి ఉన్న రోజులు పది తీసుకుంటే, మూడింట్లో మీరున్నచోట వాన పడుతుంది' అని దాని అర్థం. ఆ మూడులో ఒకటి కుండపోతే కావచ్చు. ఎంత పడుతుందన్నది శాతం చెప్పదు, దానికి మిల్లీమీటర్ల అంకె విడిగా చూడాలి. కాబట్టి 30 శాతం అన్నరోజు వాన పడితే ఫోన్ ఓడిపోయినట్టు కాదు. 30 అన్న రోజుల్లో ఎప్పుడూ పడకపోయినా, ప్రతిసారీ పడినా అప్పుడు దాన్ని అనుమానించాలి.

ఇంకో చిక్కు. రోజు మొత్తానికి ఇచ్చే శాతం వేరు, గంటగంటకూ ఇచ్చేది వేరు. సాయంత్రం ఐదింటికి 20, ఆరింటికి 20, ఏడింటికి 20 అని కనబడితే, ఆ మూడు గంటల్లో ఎప్పుడో ఒకప్పుడు పడే అవకాశం 20 కంటే ఎక్కువే. నడకకు బయల్దేరేవాళ్లు ఒక్క గంట గడి చూసి వెళ్లిపోతే లెక్క తక్కువగా కనబడుతుంది.

మరి ఎంత శాతానికి ఆగాలి? ఇది వాతావరణానికి సంబంధించిన ప్రశ్న కాదు, మీకు జరిగే నష్టానికి సంబంధించింది. గొడుగు మోయడం వల్ల పోయేదేమీ లేదు, 20 శాతానికైనా పట్టుకెళ్లొచ్చు. నడక మానేస్తే మాత్రం పెద్దాయనకు అది నిజమైన నష్టం, అందుకని 40కి కూడా మాన్పించక్కర్లేదు. దారి మార్చుకుంటే చాలు: ఒకే దారిన దూరంగా పోవడం కాకుండా ఇంటి చుట్టూ నాలుగు చుట్లు తిరగమనండి. చినుకు పడితే ఐదు నిమిషాల్లో గుమ్మంలో ఉంటారు. 'వద్దు మామయ్యగారూ' కంటే 'ఇవాళ దగ్గర్లోనే తిరగండి మామయ్యగారూ' అనే మాట ఇంట్లో చెల్లుతుందని నా నమ్మకం.

ఇక ఆయన తడిసినచోట కుండపోత, మీ వీధిలో చుక్క లేకపోవడం. ఉరుములతో వచ్చే వాన మేఘం ఒక్కోటి అడ్డంగా కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. అరగంట నుంచి గంట లోపు పుట్టి, పెరిగి, కురిసి, చచ్చిపోతుంది. నగరం దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. వీధికి ఈ పక్క తడి, ఆ పక్క పొడి కనబడటం కూడా వింత కాదు. అదే అల్పపీడనంలో పట్టే ముసురు అయితే నగరమంతా ఒకే దుప్పటి కప్పినట్టు ఉంటుంది, అప్పుడు ఎవరి వీధి చూసినా ఒకటే. అందుకే 'ఇవాళ నగరంలో వాన' అన్న వార్త ముసురు రోజున అందరికీ నిజం, ఉరుముల రోజున కొందరికే నిజం.

ఫోన్‌లో మీ వీధి పేరు కనబడుతుంది కదా అంటారు. ఆ పేరు చూసి మోసపోకండి. ముందస్తు అంచనా వేసే కంప్యూటర్ నేలను గళ్ల కాగితంలా చదరాలుగా కోసుకుంటుంది. ఒక్కో గడి కొన్ని కిలోమీటర్ల వెడల్పు. మీ వీధి, మీ ఆఫీసు, మధ్యలో ఉన్న చెరువు అన్నీ ఒకే గడిలో పడొచ్చు. ఆ గడికి వచ్చిన అంకెనే మీ వీధి పేరు కింద రాసి చూపిస్తారు. చాలా యాప్‌లలో మీ ఊరి ఆకాశం చూసి ఆ సూర్యుడి బొమ్మనో మేఘం బొమ్మనో మార్చే మనిషి ఎవరూ ఉండరు. వాతావరణ కేంద్రం ఇచ్చే బులెటిన్ వేరు. దాని వెనక అనుభవమున్న మనిషి కన్ను ఉంటుంది. పొడిగా, విసుగ్గా ఉంటుంది గానీ రోజుకోసారి దాన్ని చదివితే, పది యాప్‌లు తిప్పి చూసే పని తప్పుతుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు చాలా దేశాల్లో వాడుకలో ఉన్నాయి. పసుపంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపంటే పనులు ఆపి జాగ్రత్తపడమని. పసుపుకే ఎరుపంత హడావుడి చేస్తే, నిజంగా ఎరుపు వచ్చిననాడు ఇంట్లో ఎవరూ మీ మాట వినరు.

నడకకు అరగంట ముందు చూడాల్సింది అంచనా కాదు, రాడార్ బొమ్మ. అంచనా రాబోయేదాన్ని లెక్కగడుతుంది. రాడార్ అయితే గాల్లో ఇప్పటికే ఉన్న చినుకుల మీదికి తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని బొమ్మగా చూపిస్తుంది. ఒక్క బొమ్మ చూస్తే లాభం లేదు, గడిచిన గంట బొమ్మలు వరసగా కదిలేలా చూడండి. ఎర్రగా, పసుపుగా ఉన్న ముద్ద, అంటే గట్టి వాన, ఎటు నుంచి ఎటు జరుగుతోంది? అరగంటలో ఎంత దూరం వచ్చింది? ఆ వేగంతో మీ దగ్గరికి ఎప్పుడు చేరుతుందో వేళ్ల మీద లెక్కేయొచ్చు. ఈ లెక్క గంట వరకు బాగా పనికొస్తుంది, రెండు గంటలు దాటితే వదిలేయండి. ముద్ద దారిలోనే ఆరిపోవచ్చు, లేదా ఏమీలేనిచోట మీ నెత్తి మీదే కొత్తది పుట్టొచ్చు. బొమ్మ కింద రాసిన సమయం కూడా చూసుకోండి, ఒక్కోసారి అది పది పదిహేను నిమిషాల కిందటిది అయి ఉంటుంది. ఉరుముల మేఘానికి పదిహేను నిమిషాలు చిన్న వయసేం కాదు.

రాడార్ చూపించినా వాన పడని రోజులూ ఉంటాయి. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలకు ఎత్తవుతుంది, ఎందుకంటే కింద భూమి వంగిపోతుంది. దూరాన పైపైన కనబడ్డ చినుకు పొడి గాలిలో ఆవిరై నేలకు దిగకపోవచ్చు.

ఇక్కడే మీ మామయ్యగారి విద్య అక్కరకొస్తుంది. మేడ మీద నిలబడినప్పుడు ఉక్క ఒక్కసారిగా విరిగి చల్లగాలి ఈడ్చి కొట్టిందనుకోండి, దగ్గర్లో ఎక్కడో మేఘం కురవడం మొదలైనట్టే. వానతో పాటు పైనుంచి దిగిన చల్లటి గాలి నేల మీద నలువైపులా పరుచుకుంటుంది, దాని అంచు మిమ్మల్ని తాకుతుంది. దాంతో మట్టి వాసన కూడా వస్తే, పక్క పేటలో నేల ఇప్పటికే తడిసిందన్నమాట. ఆ వాసనకు 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు గానీ, ముక్కు ఉన్నవాళ్లకు అది ముందే తెలుసు. చిక్కల్లా ఏమిటంటే నగరంలో దిగంతం కనబడదు. ఎటు చూసినా గోడలే. కింద వీధిలోంచి చూస్తే నెత్తి మీది ముక్కే ఆకాశం. ఆయన మేడ ఎక్కి చూడటం సరైన పనే, చూడాల్సింది గాలి ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కు.

ఉరుము వినబడితే మాత్రం చర్చ లేదు, లోపలికి రావాల్సిందే. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లంటే సుమారు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపుంటే పిడుగు అందుకునేంత దగ్గర్లో ఉన్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి వెళ్లమంటారు. చెట్టు కింద ఆగడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది వాన కాదు, ఆ మోకాళ్ల లోతు నీళ్లు. మీరు దాన్ని తడిసిన బట్టలతో కలిపి రాశారు. రెండూ ఒకటి కాదు. పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా, అంటే చీలమండ దాటి కొంచెం పైకి, మనిషిని పడదోయగలవు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలుతుంది. 60 ఉంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా ఆ మట్టి నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో, తెగిన కరెంటు తీగ ఉందో కంటికి కనబడదు. నేను కూడా ఒకసారి 'ముందు బండి వెళ్లింది కదా' అని నీళ్లలోకి బండి దింపాను. ముందు బండి కుడివైపు తిరిగింది, నేను నిటారుగా పోయాను. రోడ్డు ఎక్కడ అయిపోయి కాలువ ఎక్కడ మొదలైందో నా చెప్పుకు తెలిసింది గానీ నాకు తెలియలేదు. చెప్పు మళ్లీ దొరకలేదు.

కాబట్టి మీ ఇంటి నుంచి ఆయన తిరిగే దారిలో పల్లం ఎక్కడుందో ఒక ఎండ రోజున ఇద్దరూ నడిచి చూసి రండి. గోడల మీద మట్టి చార ఎంత ఎత్తులో ఉంది, దుకాణాల గుమ్మాలకు ఎక్కడ ఎత్తు మెట్లు కట్టుకున్నారు, ఎక్కడ ఇసుక మేటలు వేసింది చూస్తే గత వానలన్నీ అక్కడే రాసి ఉంటాయి. చాలాకాలంగా ఉన్న దుకాణదారును ఒక్క మాట అడిగితే మిగతాది చెప్తాడు. వాన పట్టుకుంటే ఆ పల్లానికి ఇవతలే ఎక్కడ ఆగాలో ముందే అనుకోండి. ఆగి ఫోన్ చేయమనండి. నీళ్లు దిగేదాకా గంట కూర్చున్నా పోయేదేం లేదు.

వాన పడని వీధిలోకి కూడా నీళ్లు ఎందుకొస్తాయో చెప్తాను. ఒక మిల్లీమీటరు వానంటే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల మేడ మీద 50 మిల్లీమీటర్లు పడితే 5,000 లీటర్లు. ఆ నీళ్లు మట్టిలో ఇంకవు, గొట్టంలోంచి వీధిలోకి దూకుతాయి. అలాంటి మేడలు వందల్లో ఉంటాయి, నీళ్లన్నీ పల్లానికే పరిగెడతాయి. అదే 50 మిల్లీమీటర్లు రోజంతా నెమ్మదిగా పడితే కాలువ మోసుకుపోతుంది, గంటలో పడితే మోయలేదు. వార్తల్లో 'ఇంత వర్షపాతం' అన్నప్పుడు ఎంతసేపట్లో అన్నది కూడా వెతకండి, అది లేకపోతే ఆ అంకె సగం మాటే.

ఎండ దగ్గరికొద్దాం. మీకూ వార్తలకూ తగాదా లేదు, కొలిచిన చోటు వేరు, అంతే. వాళ్ల థర్మామీటర్ నేలకు ఒకటిన్నర మీటరు అటూఇటూ ఎత్తులో, గాలి ఆడే చెక్క రెక్కల తెల్లపెట్టెలో, నీడలో ఉంటుంది. సాధారణంగా కింద గడ్డి ఉంటుంది. 38 అంటే నీడలో ఉన్న గాలి వేడి. మీ నెత్తి మీద ఉన్నది గడ్డి కాదు, స్లాబు. మధ్యాహ్నమంతా దాని మీద పడ్డ ఎండ కాంక్రీటులో మెల్లగా కిందికి దిగుతూ వస్తుంది. అది మీ గది కప్పుకు చేరేసరికి చీకటి పడుతుంది. రాత్రి పదింటికి స్టూలెక్కి కప్పుకు అరచెయ్యి ఆనించండి, తర్వాత నేల మీద పెట్టండి. తేడా చేతికే తెలుస్తుంది. పడమటి గోడకు కూడా ఒకసారి చెయ్యి ఆనించి చూడండి, చాలా ఇళ్లలో అసలు దొంగ అదే.

కాబట్టి ఖర్చు పెట్టదలిస్తే ముందు మేడ మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూతకు పెట్టండి. కిటికీకి నీడ బయటి వైపు ఉండాలి. లోపలి పరదా పని చేసేసరికి ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. పగలు బయటి గాలి లోపలి కంటే వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసేయండి. రాత్రి బయట చల్లబడ్డాక ఎదురెదురుగా తెరవండి. ఎప్పుడు తెరవాలో ఊహించుకోవడం దేనికి, గదిలో ఒకటి, బయట నీడలో ఒకటి చిన్న థర్మామీటర్లు పెట్టుకోండి. తడి బట్ట వేలాడదీయడం పొడి వేడిలో పనికొస్తుంది, ఉక్కలో గదిని ఇంకా పాడు చేస్తుంది. ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెడుతుంది, అంతే. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటి మీదికి వేడిని తోస్తుంది కూడా.

పెద్దవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు. 'నీళ్లు కావాలా మామయ్యగారూ' అని అడగొద్దు, గ్లాసు చేతికివ్వండి. ఆయన బీపీ మాత్రలో, గుండె మాత్రలో వాడుతుంటే వేసవికి ముందు డాక్టర్‌ను ఒకసారి అడిగి ఉంచుకోండి. ఎండలో తిరిగొచ్చాక మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా కాసేపు చూద్దామని ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

గ్రూపు వీడియోల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క ప్రశ్న నేర్చుకోండి: 'మీరు చూశారా, ఎన్ని గంటలకు?' మర్యాదగా, ప్రతిసారీ అదే అడగండి. సొంతంగా చూసినవాళ్లు వెంటనే చెప్తారు, 'ఎవరో పంపారండీ' అన్నవాళ్లు రెండు వారాల్లో పంపడం తగ్గిస్తారు. వీడియోలో దుకాణాల బోర్డులు, బళ్ల నంబర్లు చూడండి, మీ ఊరివేనా? నీడలు బారుగా పడుతుంటే, బయట మబ్బుంటే అది ఇప్పటిది కాదు. వంతెన మూసిన వార్తకు ట్రాఫిక్ పోలీసులు పెట్టే ప్రకటన చూడండి. అసలు ఆ దారిన మీ ఇంట్లో ఎవరూ వెళ్లనప్పుడు ఆ వంతెన తెరిచి ఉంటే మీకేంటి, మూసి ఉంటే మీకేంటి? గ్రూపు మోత ఆపేసి, రోజుకు రెండుసార్లు మీకు వీలైనప్పుడు చూస్తే చాలు.

చివరగా మీకూ మామయ్యగారికీ కలిపి ఒక పని. రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో లూక్ హోవర్డ్ అని ఒకాయన ఉండేవాడు. వృత్తి మందుల తయారీ. వాతావరణం ఆయనకు ఉద్యోగం కాదు, అలవాటు. రోజూ వేడి, గాలి, వాన రాసుకునేవాడు. మేఘాలకు ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న పేర్లకు పునాది 1802లో ఆయన వేసిందే. ఊరి నడుమ వేడినీ ఊరి బయటి వేడినీ పక్కపక్కన పెట్టి, నగరంలో రాత్రుళ్లు సుమారు రెండు డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వెచ్చగా ఉంటాయని తేల్చాడు. రాత్రి పదింటి కొలిమి సంగతి అప్పుడే దొరికిందన్నమాట, అదీ రాసుకునే అలవాటున్న ఒక నివాసికి.

మీరు అంత చేయక్కర్లేదు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి మేడ మీద, గోడలకు దూరంగా, గాలికి పడిపోకుండా పెట్టండి. రోజూ పొద్దున ఒకే సమయానికి స్కేలు ముంచి చూసి, మిల్లీమీటర్లు రాసి, నీళ్లు పారబోయండి. డబ్బా వెడల్పు ఎంతైనా లోతు అంకె మారదు. పక్కన రెండు గడులు గీయండి: ముందురోజు ఫోన్ ఎంత శాతం అంది, మామయ్యగారు వస్తుందన్నారా రాదన్నారా. ఒక వానకాలం గడిచాక ఫోన్ 30 అన్న రోజులన్నీ ఏరి ఎన్నింట్లో పడిందో లెక్కపెట్టండి. ఆయనవి కూడా లెక్కపెట్టండి, వాన పడిన రోజుల్లో ఎన్నిసార్లు 'వస్తుంది' అన్నారో అది ముఖ్యం. స్కేలు ముంచే పని ఆయనకే అప్పగించండి, పొద్దున్నే మేడెక్కడం ఎలాగూ ఇష్టమే కదా.

డబ్బాను నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం పెట్టకండి. నేను మొదటి వారమంతా అక్కడే పెట్టి, ట్యాంకు పొంగి చిందిన నీళ్లను కూడా వాన కింద రాసుకున్నాను. మంచి ఎండాకాలంలో మా ఇంటి మీద ఒక్కరోజే 22 మిల్లీమీటర్లు.